ముందు సీట్లో బరువు

మా జర్మన్ సార్ ఎంత పెద్దవాడయ్యాడో చెప్పమంటే సీఫ్‌లో ఉన్న మా కంపెనీ ఆఫీసు వాళ్ళు లాబీ గోడ మీది ఫోటో చూపించేవాళ్ళు. నన్నడిగితే కారులో సీటు చూపిస్తాను. ఉద్యోగంలో పైకి వెళ్ళిన ప్రతిసారీ అతను కారులో ఒక సీటు పక్కకో, వెనక్కో జరిగాడు. చివరికి చైర్మన్ అయ్యేసరికి నా వెనక, కుడివైపు కిటికీ దగ్గర స్థిరపడ్డాడు. అద్దంలో తప్ప నాకు కనబడేవాడు కాదు.

నేను బహ్రెయిన్‌లో డ్రైవర్‌ని. మాది జగిత్యాల పక్కన ఒక ఊరు. ఊళ్ళో ఎవరినడిగినా నేను దుబాయిలో ఉన్నాననే చెబుతారు. దుబాయి కాదు, బహ్రెయిన్ అని మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా "ఏదైతేంది బిడ్డా, ఎండ గదే కదా" అనేది. ఆ మాటకు అప్పట్లో నవ్వు వచ్చేది. ఇప్పుడు రాదు.

నన్నిక్కడికి తెచ్చింది మా బావ. మా అక్క భర్త. సల్మాబాద్‌లో ఉన్న కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరు. సముద్రపు నీళ్ళు లాగే పంపులు, ఒక్కొక్కటి మా ఇంటి వంటగదంత ఉంటుంది. అవి పాడైతే లారీల మీద అక్కడికి తెచ్చి, విప్పి, బాగుచేసి, నడిపి చూసి పంపిస్తారు. బావకు ఆ పంపులంటే పిచ్చి. నాకేమో వాటి మోత వింటే తలనొప్పి. అందుకే డ్రైవింగు నేర్చుకొని బయటపడ్డాను.

జర్మన్ సార్ మొదట వచ్చినప్పుడు సారూ కాదు, ఏమీ కాదు. ఎండకు ముక్కు మీద తోలు ఊడిపోయిన కుర్ర ఇంజనీరు. కొత్త పంపు బిగించడానికి వచ్చాడు. బావను జతకిచ్చారు. ఇద్దరూ దాని పక్కనే అట్టపెట్టెలు పరుచుకొని పడుకునేవాళ్ళు. బావ వండిన పప్పన్నం ఆ జర్మన్ కుర్రాడు చేత్తో కలుపుకొని తినేవాడు, కారానికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ప్లేటు వదిలేవాడు కాదు. మాతో ఉండి ఉండి మా లేబర్ క్యాంపు హిందీ నేర్చాడు. ఇక్కడ అతని మాటలు తెలుగులో రాస్తున్నాను గానీ, అతను నాతో మాట్లాడిందంతా ఆ హిందీయే, మధ్యమధ్యలో ఇంగ్లీషు.

అతనికో అలవాటుండేది. పంపు నడుస్తుంటే కళ్ళు మూసుకొని దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు, డాక్టరు నాడి చూసినట్టు. బావ కూడా అవతలివైపు చెయ్యి ఆనించేవాడు. ఇద్దరికీ ఏం తెలిసేదో ఏమో, ఒకేసారి కళ్ళు తెరిచి నవ్వుకునేవాళ్ళు.

అప్పుడు మాకు ఒక పికప్ ఉండేది. అతనే నడిపేవాడు. మధ్యలో బావ, తలుపు పక్కన నేను. వర్క్‌షాపు మేనేజర్ అయ్యాక కారు ఇచ్చారు, నేను డ్రైవర్‌నయ్యాను. అతను నా పక్కన ముందు సీట్లో కూర్చునేవాడు, కాళ్ళు చాపుకొని, అద్దం దింపి, వచ్చే పోయే గ్యారేజీల వాళ్ళకు చెయ్యి ఊపుతూ. గల్ఫ్ మొత్తానికి పెద్ద అయ్యాక ఆఫీసు సీఫ్‌లోని టవర్‌కు మారింది. మొదటిరోజు పొద్దున ముందు తలుపు దాకా వచ్చి, ఎవరో చూస్తున్నారని తెలిసి, వెనక తలుపు తీసుకొని ఎక్కాడు. నాకు ఆ రోజు కడుపు మండింది. బావతో చెబితే "ఆయన ఎనుక కూసుంటే నీ సొమ్మేం పోయిందిరా?" అని నన్నే తిట్టాడు.

ఆ తర్వాత అతన్ని జర్మనీలోని హెడ్డాఫీసుకు పిలిచారు. బోర్డులో వేశారు. ఇంకొన్నేళ్ళకు బోర్డు చైర్మన్ అయ్యాడు. లాబీలో ఫోటో వచ్చింది. ఏడాదికోసారి చలికాలంలో వచ్చేవాడు. ఎయిర్‌పోర్టు నుంచి సీఫ్‌కు, సీఫ్ నుంచి హోటల్‌కు. నా మెడ వెనక ఫోన్లో జర్మన్‌లో మాట్లాడుతూనే ఉండేవాడు. కారు దిగేటప్పుడు మాత్రం "భాయ్, బావ ఎలా ఉన్నాడు?" అని అడిగేవాడు. బావ అనే పిలుపు నా దగ్గరే నేర్చుకున్నాడు. నేను వెళ్ళి చెబితే బావ ముఖం చూడాలి.

"చూసినవా, మా జర్మనోడు మర్వలే," అనేవాడు బావ. తర్వాత వెక్కిరింత మొదలుపెట్టేవాడు. "ఓ బావమర్దీ, నేను ఖలాస్ కొట్టుకొని, నౌకరి ఇడిసి ఇంటికి పోయేనాడు నన్ను కంపెనీ బస్సెక్కియ్యకు. నీ పెద్ద కారు తే. చైర్మన్ సారు లెక్క ఎనుక కూసుంట. నువ్వు దిగి తలుపు తియ్యాలె మల్ల!"

"తీస్త తియ్యి. సలాం గూడ కొడ్త," అనేవాణ్ణి.

"సలాం వద్దుగని మెల్లగ తోలు. ఎనుక కూసుంటె నాకు కడుపుల తిప్పుతది."

ఈ ముచ్చట మా ఇద్దరి మధ్య వందసార్లు నడిచి ఉంటుంది. బావ ఆ ఏడాది దీపావళికి పూర్తిగా ఇంటికి వెళ్ళిపోవాలనుకున్నాడు. మంచం కింద కార్టన్ కట్టడం మొదలుపెట్టాడు. కంబళి, సబ్బులు, బాదాం, మా మేనకోడలికి చేతి గడియారం. గల్ఫ్‌లో మనిషి ఇంటికి వెళ్ళే ఆశ ఎంత ఉందో కార్టన్ బరువు చూసి చెప్పొచ్చు.

ఆ ఏడు చైర్మన్ సార్ చలికాలంలో కాక నడి ఎండాకాలంలో వచ్చాడు. వచ్చిన పని అయిపోయింది, అదే రోజు ఫ్లైటు. దారిలో "సల్మాబాద్ పోనీ" అన్నాడు. తన చేత్తో బిగించిన మొదటి పంపు రిపేరుకు వచ్చిందట, నడిపి చూస్తాడట. మిట్టమధ్యాహ్నం. ఎండాకాలం ఆ వేళలో బయట పని చేయించకూడదని ఇక్కడ రూలుంది. రోడ్డు మీద పిట్ట కూడా లేదు. గ్యారేజీల షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. అతను గేటులోంచి లోపలికి వెళ్ళాడు. నేను బయట ఏసీ వేసుకొని కారులో కూర్చున్నాను. కాసేపటికి వెనక షెడ్డులోంచి పంపు మోత మొదలైంది. తర్వాత ఆగిపోయింది.

అతను వెళ్ళిన గేటులోంచి రాలేదు. పక్క సందులోంచి వచ్చాడు. వర్క్‌షాపు మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి నడిపించుకొచ్చి, తనే తలుపు తీసి ఎక్కించి, "యల్లా, యల్లా, ఫ్లైట్" అని నన్ను తరిమాడు. అద్దంలో చూశాను. సార్ రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకొని వాటినే చూసుకుంటున్నాడు. ఫోను మోగుతున్నా తియ్యలేదు.

పెద్ద రోడ్డెక్కాక టింగ్ టింగ్ అని మోగడం మొదలైంది. బెల్టు పెట్టుకోకుండా ఎవరైనా కూర్చుంటే మోగే బెల్లు అది. నా బెల్టు పెట్టే ఉంది. ముందు అద్దం కింద ఎర్రటి మనిషి బొమ్మ వెలుగుతోంది, నా పక్క సీటు బొమ్మ. సీటు మీద నీళ్ళ బాటిల్ లేదు, సంచి లేదు, ఏమీ లేదు. చేత్తో తడిమాను. ఏసీ అంత చల్లగా తగులుతున్నా సీటు వేడిగా ఉంది, ఇప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు.

"ముందు ఎవరున్నారు?" అని వెనకనుంచి సార్ అడిగాడు.

"ఎవరూ లేరు సార్."

మోత ఆగదు. సిగ్నల్ దగ్గర నాకు చిర్రెత్తి, ఖాళీ సీటుకు బెల్టు లాగి పెట్టాను. నోరు మూసుకుంది. ఎయిర్‌పోర్టులో దిగాక సార్ నాకు చెయ్యి ఊపలేదు, బావ ఎలా ఉన్నాడని అడగలేదు. వంగి, ముందు కిటికీలోంచి ఆ బెల్టు పెట్టిన ఖాళీ సీటును చూశాడు. చూస్తూ చూస్తూ తల కిందికి వంచి, వెనక్కి తిరిగి లోపలికి నడిచాడు.

క్యాంపుకు తిరిగి వచ్చేసరికి మా గది ముందు అంబులెన్స్ ఉంది. బావ తన మంచం మీద ఉన్నాడు. మీద దుప్పటి కప్పారు. మేనేజరు నా చెయ్యి పట్టుకొని, "మధ్యాహ్నం వచ్చి పడుకున్నాడు, నిద్రలోనే గుండె ఆగింది, మంచి చావు" అన్నాడు. మా గదిలో గోదావరివైపు మనిషి ఒకడు ఉండేవాడు, బావతో కలిసి పనిచేసేవాడు. ఏం జరిగిందని అతన్ని అడిగాను. నా ముఖం చూడకుండా గోడకు చెప్పాడు. "నన్నేం అడక్కన్నా. పడుకున్నాడు, లేవలేదు. అంతే. నాకింకేం తెలీదు బాబూ." వాడి చొక్కా ముందుభాగమంతా తడిసి ఉంది, ఎవరినో ఎత్తుకొని మోసినట్టు. ఏడ్చిన తడి అనుకున్నాను.

అక్కకు ఫోను చేసి నేనే చెప్పాను. నిద్రలోనే పోయిండక్కా, బాధపడలేదక్కా అని. ఆ మాటే పట్టుకొని అక్క కొంచెం నిలదొక్కుకుంది.

శవం ఊరికి చేరడానికి చాలా రోజులు పట్టింది. కాగితాలు, సంతకాలు, ముద్రలు. ఆ రోజులన్నీ నేను కారు నడుపుతూనే ఉన్నాను, ఆ బెల్లు మోగుతూనే ఉంది. బెల్టు పెడితే ఊరుకుంటుంది, తీస్తే మొదలు. సల్మాబాద్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను సీటు కింద తీగలకు ఏదో మిషను తగిలించి చాలాసేపు చూశాడు. "సెన్సర్ ఠీక్ హై భాయ్," అన్నాడు. "దీని మీద బరువు పడుతోంది. అందుకే మోగుతోంది." నేనూ అతనూ ఖాళీ సీటును చూస్తూ నిలబడ్డాం. అతను మిషను తీసేసి, పైసలు కూడా అడక్కుండా, లోపలికి వెళ్ళిపోయాడు.

బావతోపాటు ఊరికి వెళ్తానని లీవు అడిగాను. మేనేజరు ఇవ్వలేదు. చైర్మన్ సార్ మళ్ళీ వస్తున్నాడు, ఇదే డ్రైవర్ కావాలని చెప్పాడు అన్నాడు. ఇంత తొందరగా ఎందుకొస్తున్నాడో అతనికీ తెలియదు. నాకు మండిపోయింది. సొంత బావ కాష్ఠం దగ్గర నిలబడనివ్వని ఉద్యోగం నాకెందుకని కారు తాళాలు మేనేజరు బల్ల మీద విసిరికొట్టాను. మళ్ళీ నేనే వంగి ఏరుకున్నాను. గల్ఫ్‌లో కోపం అంతవరకే.

బావను దహనం చేసిన మూడోనాడు శుక్రవారమైంది. మా దిక్కు మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, కాష్ఠం కాడికి తీసుకెళ్ళి వదిలి, దూరంగా కూర్చుంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే మనిషికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ లేచి చెబుతారు, నీ బిడ్డను చదివిస్తం, నీ ఇల్లు చూసుకుంటం అని. అసలు కోరిక తగిలినప్పుడు కాకి దిగుతుంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. నేను చిన్నప్పటి నుంచి చూశాను.

నేను అదే శుక్రవారం మధ్యాహ్నం సార్‌ను ఎయిర్‌పోర్టులో ఎక్కించుకున్నాను. వెంట ఎవరూ లేరు. చేతిలో చిన్న సంచి. బుగ్గలు లోపలికి పోయి, కోటు భుజాల మీద వేలాడుతోంది. చైర్మన్ కారులో ఖాళీ సీటుకు బెల్టు ఏం బాగుంటుందని నేను తీసేసి ఉంచాను. బండి కదలగానే మోగింది.

"సెన్సర్ ఖరాబైంది సార్, ఏమనుకోకండి," అన్నాను.

"కాలేదు," అన్నాడు. "నా కారులో కూడా మోగుతోంది. అక్కడ, మా ఇంటి దగ్గర."

మిగతాదీ తనే చెప్పాడు. బోర్డు మీటింగులో తన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉండిపోతోందట. అందరూ దాన్ని వదిలేసి అవతల కూర్చుంటున్నారట. ఎందుకు అక్కడ కూర్చోలేదని ఒకతన్ని అడిగితే, "అక్కడ ఎవరో ఉన్నారుగా" అన్నాడట, ఆ మాట అన్నానన్న సంగతి కూడా తనకు తెలియనట్టు. ఇది చెబుతున్నప్పుడు సార్ గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు ఇంకా భయం వేసింది.

సీఫ్‌కు తిప్పబోతే "సల్మాబాద్" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం సల్మాబాద్‌ను చూడాలి. షట్టర్లు, రేకులు, ఆరిపోయిన నూనె మరకలు, ఎవరూ లేని వీధుల్లో తెల్లటి ఎండ. వర్క్‌షాపు గేటు మూసి ఉంది. దాని ముందు ఆపాను. అతను దిగలేదు. గేటు పైనుంచి కనబడుతున్న వెనక షెడ్డు రేకులను చూస్తూ కూర్చున్నాడు. టింగ్ టింగ్ మోగుతూనే ఉంది. అప్పుడే నా ఫోను మోగింది. మా మేనకోడలు, వీడియో కాల్.

"మామా, పిట్ట ముడ్తలేదు," అంది, ఏడుపు గొంతుతో. "పొద్దటి సంది కూసున్నం. అమ్మ లేస్తలేదు. నీళ్ళు గూడ ముట్టలేదు. అమ్మకు షుగరాయె మామా, కండ్లు మూతలు వడ్తున్నయి."

ఫోను తిప్పి చూపించింది. అక్కడ సన్నగా వాన తుంపర. తుమ్మచెట్టు మీద కాకులు బారుగా కూర్చున్నాయి. కింద విస్తరి. మేకకూర, గారెలు, కుండలో కల్లు, సారా సీసా, బీడీకట్ట. కాస్త దూరంలో అక్క, తల మీద కొంగుతో, నేల మీద. చుట్టూ మా వాళ్ళు. బిడ్డను డాక్టరు చదివిస్తామన్నారట. ఇంటికి స్లాబు వేస్తామన్నారట. కార్టన్ వచ్చింది, గడియారం బిడ్డ పెట్టుకుంది చూడు అన్నారట. కాకులు చూస్తున్నాయి గానీ దిగడం లేదు.

"తమ్మీ," అంది అక్క. ఆ గొంతు మా అక్కదేనా అనిపించింది. "ఆడ నీతోని ఉండె కదరా. ఏం కోరిక మిగిలిందిరా ఆయనకు? పిట్ట ముట్టేదాక నేను లేవ. నేను గూడ ఈడనే పోత."

ఆమె లేవదు. నాకు తెలుసు. మా ఇంట్లో అందరికంటే మొండిది. నేను ఫోను పట్టుకొని, బావ ఏమేం అన్నాడో గుర్తు చేసుకోవడానికి తన్నుకులాడుతున్నాను.

"ఎవరు?" అని వెనకనుంచి సార్ అడిగాడు.

చెప్పాను. మా అక్క, బావ భార్య అని, పిట్ట సంగతి, కోరిక సంగతి అంతా చెప్పాను. నవ్వుతాడేమో, నవ్వితే ఉద్యోగం పోయినా సరే తిడదామని సిద్ధంగా ఉన్నాను. నవ్వలేదు.

"అతను ఎలా పోయాడని చెప్పారు ఆమెకు?"

"నిద్రలో పోయాడని."

"నిద్రలో కాదు," అన్నాడు సార్.

బెల్లు మోగుతోంది. అతను ముందుకు వంగి, నా సీటు వీపు పట్టుకొని, షెడ్డు వైపు చూస్తూ చెప్పాడు. ఆ రోజు తనే బావను పిలిపించాడట. మన పంపు వచ్చింది, మనిద్దరం చెయ్యి పెట్టి చూద్దాం అన్నాడట. రేకుల షెడ్డు, పొయ్యిలా ఉంది. బావ నవ్వుకుంటూ వచ్చాడట. పంపు నడిపారు. ఇద్దరూ చెరో పక్క చెయ్యి ఆనించారు. తను ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి అవతల బావ లేడు, కింద పడి ఉన్నాడు. మేనేజరు వచ్చి, మీరు వెళ్ళండి సార్, సొమ్మసిల్లాడు, లేస్తాడు అన్నాడట. బావ లేవడని తనకు అప్పుడే తెలుసట. అయినా వచ్చి కారెక్కాడట.

నేను వెనక్కి తిరిగాను. చెయ్యి లేచింది. నిజం చెబుతున్నాను, ఆ పీక పట్టుకోవాలనే లేచింది. అతను తప్పుకోలేదు. కొడితే కొట్టమన్నట్టు ముఖం అక్కడే పెట్టాడు. పెద్దమనిషి, చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, పప్పన్నం కారానికి కారినట్టే.

"తమ్మీ," ఫోనులోంచి అక్క అంది. "ఎవరాయన? ఎందుకేడుస్తున్నడు? ఏమంటున్నడు?"

"ఏంలేదక్కా."

"నాకు అబద్ధం చెప్పకు."

ఏం చెయ్యను? చెప్పాను. మాటకు మాట తెలుగులో చెప్పాను. అక్కడ మా వాళ్ళలో ఎవరో బూతులు తిట్టారు. అక్క చెయ్యెత్తి వాళ్ళను ఊరుకోబెట్టింది. వాన చుక్కలు ఫోను మీద పడుతున్న చప్పుడు వినబడింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"నీళ్ళు అడిగిండా?"

నేను హిందీలో అడిగాను. సార్ కళ్ళు మూసుకున్నాడు.

"అడిగాడు," అన్నాడు. "ఒక్క నిమిషం భాయ్, ప్రెషరు మీటరు పైకి రానివ్వు, తర్వాత తాగుదువు అన్నాను."

అదీ చెప్పాను. అక్క మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. అడుగులు తడబడుతున్నాయి. విస్తరి దగ్గరికి వెళ్ళి చూసింది. కల్లు ఉంది, సారా ఉంది, కూర ఉంది, నీళ్ళు లేవు. తాగే మగవాడికి పెడుతున్నాం కదా అని అందరూ తాగేవే తెచ్చారు, మంచినీళ్ళు ఎవరికీ గుర్తు రాలేదు. కల్లుకుండ ఎత్తి పక్కన పారబోసింది. మేనకోడలి సంచిలోంచి బాటిల్ తీసి, ఖాళీ కుండలో నీళ్ళు పోసింది.

"తాగు," అంది. "ఇగ తాగు."

ఆమె ఇంకా వెనక్కి జరగలేదు. ఒక కాకి దిగింది. అన్నం ముట్టలేదు, కూర ముట్టలేదు. నేరుగా కుండ అంచు మీద వాలి, ముక్కు నీళ్ళలో పెట్టి, తల పైకెత్తి, మింగి, మళ్ళీ ముంచింది. తాగింది, తాగింది, ఎంతసేపు తాగిందో. ఆ తర్వాతే మిగతావన్నీ దిగాయి. "ముట్టింది, ముట్టింది" అని అందరూ ఒక్కసారిగా అరిచారు. అక్కడ అక్క కూలబడి ఏడ్చింది. ఇక్కడ నేను ఏడ్చాను.

కాసేపటికి తెలిసింది, కారులో చప్పుడు లేదని. బెల్లు ఆగిపోయింది. ఎర్రబొమ్మ ఆరిపోయింది.

ఆ తర్వాత జరిగినవి ముందే చెప్పేస్తాను. అతను జర్మనీ వెళ్ళి బోర్డులో అందరి ముందూ ఈ సంగతి చెప్పాడు. బావ ఎక్కడ పడ్డాడో, ఎందుకు పడ్డాడో రాతపూర్వకంగా ఇచ్చాడు. చైర్మన్ పదవి వదిలేశాడు. సీఫ్‌లో మాకు మాత్రం సార్‌కు ఆరోగ్యం బాగాలేదని చెప్పారు. లాబీ గోడ మీద ఫోటో తీసేసిన చోట రంగు వేరేగా ఉండిపోయింది. నేను అతన్ని క్షమించానా అని మా అక్క కూడా అడగలేదు, నేనూ చెప్పను.

కానీ ఆ మధ్యాహ్నం ఇంకా మిగిలి ఉంది. సార్ వెనక తలుపు తీసుకొని ఎండలోకి దిగాడు. చుట్టూ తిరిగి వచ్చి ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు, సీఫ్‌కు మారిన మొదటిరోజు నిలబడినట్టే.

"కూర్చోనా?" అని అడిగాడు.

నన్ను అడిగాడో, ఆ సీటును అడిగాడో తెలియదు. నేను తల ఊపాను. ఎక్కి, బెల్టు పెట్టుకున్నాడు. వచ్చిన పని అయిపోయింది, ఎయిర్‌పోర్టుకే పోదాం అన్నాడు. బండి తిప్పాను. సల్మాబాద్ సందు దాటి రోడ్డెక్కబోతుండగా మళ్ళీ టింగ్ టింగ్.

నా బెల్టు ఉంది. అతని బెల్టు ఉంది. ఎర్రబొమ్మ ఈసారి వెనక వెలుగుతోంది. కుడివైపు, కిటికీ దగ్గర. చైర్మన్ సీటు.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నేను పక్కకు ఆపి దిగాను. ఎండ నెత్తి మీద కొడుతోంది. వెనక తలుపు తీశాను, బావ అడిగినట్టే. ఎవరూ లేని ఒడి మీదుగా బెల్టు లాగి పెట్టాను. బెల్టు కొసదాకా పోలేదు. మనిషి కూర్చుంటే ఎంతవరకు వస్తుందో అంతవరకే వచ్చి ఆగింది. సలాం వద్దన్నాడు కాబట్టి కొట్టలేదు. మెల్లగా తలుపు వేశాను.

ముహర్రఖ్ వంతెన మీద ఉండగా ఫోను మోగింది. స్పీకర్లో పెట్టాను. అక్క.

"తిన్నవా అక్కా?"

"తిన్న. రెండు బుక్కలు తిన్న," అంది. గొంతు అలసిపోయి ఉంది గానీ మళ్ళీ మా అక్క గొంతులా ఉంది. "నువ్వేడున్నవ్?"

"ఎయిర్‌పోర్టు తొవ్వల."

"ఎవర్ని దింపవోతున్నవ్?"

నేను అద్దంలోకి చూశాను. ఖాళీ సీటు, దాని మీద బిగిసి ఉన్న బెల్టు.

"బావను," అన్నాను.

అక్క ఎందుకని అడగలేదు. పిచ్చా నీకు అనలేదు. ఊపిరి తీసిన చప్పుడు వినబడింది.

"పైలంగ తీస్కపో తమ్మీ," అంది. "మెల్లగ తోలు. ఎనుక కూసుంటె ఆయనకు కడుపుల తిప్పుతది."

బావ వెనక కూర్చున్నాడని నేను అక్కకు చెప్పలేదు.